వణకని గిటారు

నా పేరు సామ్రాజ్యం. ఏలేది మాత్రం ఒక్క గది. ప్రభుత్వ సంగీత కళాశాలలో ఇరవై ఆరేళ్లుగా స్టోర్ కీపర్ని. మా శాఖలో బేస్ గిటారుకు నాణ్యతా ప్రమాణాలు ఎలా ఏర్పడ్డాయో రేపెవరైనా పరిశోధన చేస్తే పెద్ద పెద్ద ఆఫీసర్లను అడుగుతారు గానీ నన్ను అడగరు. అందుకని అడక్కుండానే చెప్తున్నాను. అవి నా స్టాకు రిజిస్టరులో పధ్నాలుగో పేజీలో పుట్టాయి, నేను భోజనానికి లేచే తొందరలో ఉండగా.

ఆ రిజిస్టరులో ఒక్కో రకం సామానుకు ఒక్కో పేజీ ఉంటుంది. వాయిద్యాల పేజీ నిండిపోయి చాలా కాలమైంది. చివరి గీత మీద 'తంబురా - 1, శ్రుతి నిలవదు' అని రాసి ఉంటుంది. కొత్త రిజిస్టరు కావాలని మూడేళ్ల కిందట రాశాను. 'పరిశీలనలో ఉన్నది' అని జవాబు వచ్చింది, ఇంకా పరిశీలిస్తూనే ఉన్నారు. ఈలోగా నాలుగు బేస్ గిటార్లు అట్టపెట్టెల్లో వచ్చి నా బల్ల ముందు నిలబడ్డాయి. పక్క పేజీ చూస్తే సగం ఖాళీ. పైన 'కలప సామాను' అని ఉంది. గిటారు మాత్రం కలప కాదా? 'ముక్కాలి పీటలు - 6' కింద 'బేస్ గిటార్లు - 4' అని రాసి సంతకం పెట్టి, వెళ్లి పెరుగన్నం తిన్నాను. ఆ రోజు మాగాయ కూడా ఉంది. అంత ప్రశాంతంగా మళ్లీ భోంచేసిన గుర్తు లేదు.

బేస్ గిటారంటే ఏమిటో నాకూ మొదట తెలియదు. దేవసహాయం మాస్టారు చెప్పారు. మామూలు గిటారుకు ఆరు తీగలుంటే దీనికి నాలుగే, లావుపాటివి. వాయిస్తే చెవికంటే ముందు పొట్టలో తెలుస్తుంది. ఆయన తొమ్మిదేళ్లుగా మా కాలేజీలో కాంట్రాక్టు మీద బేస్ నేర్పుతున్నారు. ఏటా మార్చి నెలాఖరుకి ఆయన ఉద్యోగం చచ్చిపోతుంది, జూన్‌లో మళ్లీ పుడుతుంది. ఆయన సొంత గిటారు ఏ కంపెనీదీ కాదు. నూజివీడులో వీణలు చేసే ఒక వడ్రంగి దగ్గర పదిహేను రోజులు కూర్చుని, ఏకాండి వీణ చేసినట్టే ఒకే పనసమొద్దులోంచి చెక్కించుకున్నారు. ఆదివారం చర్చిలో అదే వాయిస్తారు, సోమవారం క్లాసుకి అదే భుజాన వేసుకొస్తారు.

ఆ ఏడాది మా శాఖకు రెండు పూనకాలు ఒకేసారి వచ్చాయి. ఒకటి నాణ్యత, రెండోది మాస్టర్‌క్లాసు, అంటే ఆరితేరినవాళ్లు వేదికెక్కి తమ విద్య చూపించి నేర్పడం. పైనుంచి వచ్చిన సర్క్యులరు నాకింకా కంఠస్థం. "సంస్థలయందలి సమస్త వస్తుజాలమును ఆయా పద్దులకు వర్తించు ప్రమాణముల మేరకు పరీక్షింపజేసి, ఉత్తీర్ణమైన వాటిని మాత్రమే వినియోగించవలెను. ప్రతి విభాగమును మార్చి ముప్పై ఒకటవ తేదీలోగా ధ్రువీకృత వస్తువులతో ఒక మాస్టర్‌క్లాసు నిర్వహించవలెను. నిర్వహింపని విభాగము రద్దయినట్లు భావించవలెను."

ఇక చూసుకోండి. క్యాంటీన్‌లో ఇడ్లీ మాస్టర్‌క్లాసు పెట్టారు. ఊడ్చే అప్పలనరసమ్మను వేదికెక్కించి శాలువా కప్పి చీపురు మాస్టర్‌క్లాసు చేయించారు. ఆమె "ఊడవడానికి ఏటుందండీ, దుమ్మున్నకాడ ఊడవాల" అని దిగిపోయింది. ఇంతవరకూ మా శాఖ చరిత్రలో అంతకు మించిన ఉపన్యాసం నేను వినలేదు.

నవంబరులో నాణ్యతా నిర్ధారణాధికారి పరాంకుశం గారు వచ్చారు. తెల్లటి సఫారీ, మెడలో స్టాప్‌వాచీ, చేతిలో నా రిజిస్టరు నకలు. వీణలనీ మృదంగాలనీ ఒక చూపు చూసి వదిలేశారు. ఎందుకంటే వాయిద్యాలకు ప్రమాణాలు ఇంకా రాలేదట. కలప సామానుకు మాత్రం నలభై పేజీల పుస్తకం ఉంది. బెంచీలు పాసయ్యాయి, పీటలు పాసయ్యాయి. తర్వాత వేలు 'బేస్ గిటార్లు' దగ్గర ఆగింది.

"బరువు పరీక్ష," అన్నారు పరాంకుశం గారు. "తొంభై కిలోల వ్యక్తి పది నిమిషములు ఆసీనుడు కావలెను."

మా అటెండరు నూకరాజు తొంభై రెండు కిలోలు. పిలిస్తే వచ్చాడు.

"దేని మీద కూర్చోమంటారండి?"

"దాని మీద."

నూకరాజు గిటారు వంకా దేవసహాయం మాస్టారి వంకా చూశాడు. "మాస్టారూ, మన్నించాలండీ," అని చెప్పి కూర్చున్నాడు. సాగరిక కంపెనీ గిటార్లు రెండూ మెడ దగ్గర పుటుక్కుమన్నాయి. ట్రెమోనా కంపెనీవి రెండూ తట్టుకున్నాయి. అవి ఇంపోర్టెడని పరాంకుశం గారు వాటికేసి కాస్త గౌరవంగా చూశారు.

"ఇక వణుకు పరీక్ష," అన్నారు. బల్ల అన్నాక ఒక తన్ను తంతే వణుకుతుంది. ఆ వణుకు మూడు సెకన్లలో ఆగిపోతే మంచి బల్ల, ఆగకపోతే నాసిరకం. పుస్తకంలో అలాగే ఉంది. గిటారును ఎక్కడ తన్నాలో తెలియక ఆయన తీగ ఒకటి లాగి వదిలారు. స్టాప్‌వాచీ నొక్కారు. తీగ వణికింది, వణుకుతూనే ఉంది.

"పధ్నాలుగు సెకన్లు!" పరాంకుశం గారి ముఖం వాడిపోయింది. "విదేశీ కంపెనీ అయి ఉండి ఇదేమి నిర్మాణమండీ! మా ఆఫీసులో పాతికేళ్ల నాటి టేబులు ఉంది. ఎంత తన్నినా రెండు సెకన్లలో సర్దుకుంటుంది."

దేవసహాయం మాస్టారు వెర్రిబాగుల మనిషి. ఇక్కడ నోరు మూసుకుని ఉంటే సరిపోయేది. "సార్, పధ్నాలుగు తక్కువండీ. ఎంతసేపు మోగితే అంత మంచి చెక్క అన్నమాట. నాది చూడండి," అని తన పనస గిటారు తీసి మీటారు. అందరం వాచీ చూస్తూ నిలబడ్డాం. ముప్పై ఒక్క సెకన్లు. చివరి అయిదు సెకన్లూ వినిపించిందో, మా ఊహో చెప్పలేను. మాస్టారి ముఖం వెలిగిపోతోంది.

పరాంకుశం గారు కలం తీసి రాశారు. "సొంత వస్తువు, బ్రాండు లేదు. వణుకు ముప్పై ఒక్క సెకన్లు. ఇంతవరకు నేను పరీక్షించిన కలప సామానులో ఇంత నీచమైన నిర్మాణము చూడలేదు. ఈ ఆవరణలోనికి తేరాదు."

మాస్టారి ముఖంలో వెలుగు ఆరిపోవడం నేను దగ్గరుండి చూశాను. పరాంకుశం గారు వెళ్లాక రిజిస్టరు పట్టుకుని ప్రిన్సిపాల్ గారి దగ్గరకు పరిగెత్తాను. "సార్, తప్పు నాదండీ. వాయిద్యాల పేజీలో చోటు లేక కలప పేజీలో రాశాను. కొట్టేసి మారుస్తాను."

ప్రిన్సిపాల్ గారు తలుపు వేసి రమ్మన్నారు. "సామ్రాజ్యం గారూ, మీ వయసెంత?"

"యాభై అయిదండీ."

"ఇన్నేళ్ల సర్వీసులో రిజిస్టరు తప్పని ఎవరైనా ఒప్పుకోగా చూశారా? కొట్టివేత ఉంటే విచారణ. విచారణలో మొదట మీ సంతకం, దాని కింద నా సంతకం. రిజిస్టరులో తప్పు లేదు. తప్పు గిటారుది."

ఆయన చెప్పినదాంట్లో భయం ఎంతో న్యాయం ఎంతో నాకు తెలుసు. అయినా నేను తలూపి వచ్చేశాను. పింఛనుకు అయిదేళ్లుంది. నన్ను తిట్టుకునేవాళ్లు తిట్టుకోండి, నేనూ తిట్టుకున్నాను.

ఇప్పుడు దేవసహాయం మాస్టారికి ముందు నుయ్యి, వెనక గొయ్యి. పాసైన గిటారు లేకపోతే మాస్టర్‌క్లాసు లేదు. మాస్టర్‌క్లాసు లేకపోతే విభాగం రద్దు, జూన్‌లో ఉద్యోగం ఇక పుట్టదు. ఆయన దగ్గర నేర్చుకునే ఏడుగురు పిల్లలూ మధ్యలో ఆగిపోతారు. పాసయ్యే గిటారు కావాలని శాఖ టెండరు పిలిచింది. గిటార్లు చేసే కంపెనీలన్నీ నిబంధనలు చదివి జవాబైనా ఇవ్వలేదు. వచ్చింది ఒక్కటే, వజ్రకాయ ఫర్నిచర్స్. ఆసుపత్రులకు మంచాలు చేస్తారు వాళ్లు.

జనవరిలో వజ్రకాయ బేస్ గిటారు దిగింది. నలుగురు మోసుకొచ్చారు. టేకు చెక్క, నలభై ఒక్క కిలోలు. నాలుగు తీగల స్థానంలో నాలుగు ఇనుప ఊచలు, రెండు చివర్లా వెల్డింగు. నిలబడడానికి నాలుగు కాళ్లు. స్పీకరు వైరు గుచ్చుకునే చోట సొరుగు ఒకటి పెట్టారు, తాళంతో సహా. సొరుగు ఎందుకని అడిగితే కలప సామానుకు సొరుగుంటే అయిదు మార్కులు అదనమట.

నూకరాజు కూర్చున్నాడు. లేవమనేదాకా హాయిగా కునుకు తీశాడు. తర్వాత పరాంకుశం గారు ఊచను లాగబోయారు, రాలేదు. రెండు చేతులతో లాగారు. చివరకు తన్నారు. స్టాప్‌వాచీ సున్నా దగ్గరే ఉంది.

"సున్నా!" అన్నారాయన. వాచీని కళ్లకద్దుకున్నారు. "ఇరవై రెండేళ్ల సర్వీసులో ఇటువంటి బేస్ గిటారు చూడలేదు." దానికి ముందు ఆయన ఎన్ని చూశారో నాకు తెలుసు. అక్కడికక్కడే బంగారు అంచు సర్టిఫికెట్టు రాసిచ్చారు. అలాంటివే మరో ఏడు తెప్పించారు, పిల్లకొకటి చొప్పున.

మాస్టర్‌క్లాసుకు ఆల్‌ఫ్రెడ్ కమలాకర్ గారిని పిలిచారు. ముప్పై ఏళ్లు సినిమా పాటలకు బేస్ వాయించిన పెద్దమనిషి. మార్చి ఇరవై తొమ్మిదిన వచ్చారు, ఒట్టి చేతులతో. సొంత గిటారు తేవద్దని శాఖ ముందే రాసింది. హాలు నిండింది. మొదటి వరసలో ప్రిన్సిపాల్ గారు, పరాంకుశం గారు, వెనక ఏడుగురు పిల్లలు. వేదిక మీద వజ్రకాయ గిటారుకు పసుపూ కుంకుమా పెట్టి దండ వేశారు.

ప్రిన్సిపాల్ గారు మాట్లాడుతూ, సంగీతంలో ఇంతకాలం నాణ్యతకు అడ్డుగా ఉన్నది శబ్దమేననీ, ఆ అవరోధాన్ని మన కళాశాల అధిగమించిందనీ అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు.

కమలాకర్ గారు గిటారు చుట్టూ ఒకసారి తిరిగారు. వంగి సొరుగు లాగి చూసి మూశారు. ఊచ మీద వేలు పెట్టారు.

"ఇదేంటయ్యా?" అన్నారు మెల్లగా.

"బేస్ గిటారండీ," అన్నారు దేవసహాయం మాస్టారు.

"దీంట్లో సౌండేది?"

పరాంకుశం గారు లేచారు. "సున్నా అండీ. ధ్రువీకృతము."

కమలాకర్ గారికి కోపం వచ్చింది. కండువా దులిపి భుజాన వేసుకున్నారు. "నన్ను హైదరాబాదు నుంచి మంచం చూపించడానికి పిలిచారా? నేను వెళ్తున్నా." మెట్టు దిగారు కూడా. దేవసహాయం మాస్టారు ఎదురెళ్లి చెయ్యి పట్టుకున్నారు. మైకు దగ్గరే ఉండడంతో ఆ మాటలు హాలంతా విన్నాం.

"అన్నా, మీరెళ్తే విభాగం మూసేస్తారన్నా. తొమ్మిదేళ్లు. పిల్లలు ఏడుగురున్నారు. ఒక్క గంట. వాయించకపోయినా పర్లేదన్నా, నిలబడండి చాలు."

కమలాకర్ గారు పిల్లల వైపు చూశారు. కండువా తీసి కుర్చీకి వేసి వెనక్కి వచ్చారు. ఆ గంటసేపు ఆయన ఆ ఇనుప ఊచల మీద వేళ్లు నడిపించి చూపించారు. ఏ వేలు ఎక్కడ ఆనాలో, ఎక్కడ లేవాలో, పాడేవాడు ఊపిరి తీసుకునే చోట మనం ఎలా తప్పుకోవాలో చెప్పారు. "బేస్ వాయించేవాణ్ని ఎవరూ మెచ్చుకోరమ్మా. ఆపేస్తే మాత్రం అందరూ వెనక్కి తిరిగి చూస్తారు. ఏదో పోయింది, ఏం పోయిందీ అని," అన్నారు. కెజియా అనే పిల్ల లేచింది. "సార్, ఇప్పుడు మీరు పెట్టిన చోట ఏం మోగుద్దండి?" అని అడిగింది. ఆయన నోటితో "దూమ్‌మ్" అన్నారు. నాకు ఏడుపొచ్చింది. ఆపుకోలేదు కూడా. పక్కనున్న క్లర్కు జలుబా అని అడిగాడు.

శాఖ దృష్టిలో అది చరిత్రాత్మక విజయం. చుట్టుపక్కల ఇళ్లనుంచి ఒక్క ఫిర్యాదూ రాలేదు. తీగలు తెగలేదు, కరెంటు ఖర్చవలేదు. ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నట్టు, వీణలకు కూడా ఊచలు బిగించే ప్రతిపాదన ఒకటి అప్పుడే బయల్దేరిందట. రెండు రోజుల్లో ఉత్తర్వు వచ్చింది. ధ్రువీకృత వాయిద్యముపై మాత్రమే, ఎట్టి వణుకునకు తావీయక బోధించవలెనను షరతుపై శ్రీ దేవసహాయము గారి ఉద్యోగము పర్మనెంటు చేయడమైనది.

ఆ కాగితం పట్టుకుని మాస్టారు నా గదికి వచ్చారు.

"తొమ్మిదేళ్లు ప్రార్థన చేశానమ్మా దీనికోసం," అన్నారు. "దేవుడిచ్చాడు. ఇచ్చి, గిటారు తీసేసుకున్నాడు."

"దేవుడు కాదు మాస్టారూ, నేను," అన్నాను. పధ్నాలుగో పేజీ తీసి చూపించాను, అంతా చెప్పాను. ఆయన ఆ గీత మీద వేలు పెట్టి చాలాసేపు చూశారు. తిడతారేమోనని చూశాను, తిట్టి ఉంటే బాగుండేది. "చోటు లేకపోతే మీరు మాత్రం ఏం చేస్తారమ్మా," అని, ఆదివారం చర్చిలో ఉద్యోగం వచ్చినందుకు కృతజ్ఞతా ప్రార్థన కూడిక పెట్టుకున్నానని, అందరూ రావాలని చెప్పి వెళ్లిపోయారు.

వెళ్లాం. పరాంకుశం గారిని ముఖ్య అతిథిగా ముందు బల్ల మీద కూర్చోబెట్టారు. నేను ఆయన వెనక బల్ల. పాట మొదలైంది. మాస్టారు ఓ మూల నిలబడి పనస గిటారు మెడలో వేసుకుని మొదటి తీగ మీటారు.

పరాంకుశం గారు ఉలిక్కిపడ్డారు. చేత్తో బల్ల తడిమారు. వంగి బల్ల కింద చూశారు. లేచి పక్క బల్ల మీదకి మారారు, అదీ వణుకుతోంది. అలవాటు చొప్పున స్టాప్‌వాచీ నొక్కారు గానీ ఆపడం మర్చిపోయారు. కాసేపటికి ఛాతీ మీద చెయ్యి వేసుకుని అలాగే ఉండిపోయారు. పాటయ్యాక నా వైపు తిరిగారు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"అమ్మా, ఈ బల్లలు మంచివి కావు," అన్నారు.

"అవునండీ."

"లోపల కూడా ఏదో కదిలింది. ఇది ఆగడం లేదు."

"డాక్టరుకి చూపించుకుంటారా?"

రెండో పాట మొదలైంది, ఆయన ముందుకు తిరిగి కూర్చున్నారు.

సోమవారం ఆయన రాసిన రిపోర్టు నా బల్ల మీదకు వచ్చింది. సదరు ప్రార్థనా మందిరములోని బల్లల వణుకు ప్రమాదకర స్థాయిలో ఉన్నదనీ, కారణము తెలియరాలేదనీ, తగ్గువరకు ప్రతి ఆదివారము తాము స్వయముగా ముందు వరుసలో కూర్చుని పరీక్షించెదమనీ రాశారు. కొలతలు రాసుకోవడానికి సహాయకులు కావాలట. బేస్ విభాగం విద్యార్థులు ఏడుగురినీ తప్పనిసరిగా పంపవలెనట. పరీక్ష సక్రమంగా జరగాలంటే దేవసహాయము గారు సదరు బ్రాండులేని వస్తువును ఆపకుండా మీటుతూనే ఉండవలెనట.

పదకొండు నెలలైంది. వారమంతా కాలేజీలో పిల్లలు ఇనుప ఊచల మీద వేళ్లు కాయలు కాయించుకుంటున్నారు. ఆదివారం చర్చి వసారాలో, కూడిక అయ్యాక, పనస గిటారు ఒకరి తర్వాత ఒకరు మెడలో వేసుకుని పరీక్షలు చేస్తున్నారు. కెజియా నిరుడు కమలాకర్ గారి నోట విన్నదాన్ని ఇప్పుడు వేలితో అంటోంది. పరాంకుశం గారు ఒక్క వారం మానలేదు. వారం వారం అదే రిపోర్టు, 'వణుకు తగ్గలేదు, పరీక్ష కొనసాగించవలెను' అని. మొన్న ఒక్కరోజు మాస్టారికి జ్వరమొచ్చి వాయించకపోతే, వణుకు లేకపోవుట ఆందోళనకరమని రాసి, పళ్లు తీసుకుని ఆయన ఇంటికి వెళ్లారు.

ఏటా లెక్క చూసే రోజు నిన్న వచ్చింది. వణుకుతున్న వస్తువుల జాబితా రిజిస్టరులోకి ఎక్కించమని పరాంకుశం గారు సంతకం చేసి పంపారు. చర్చి బల్లలు ముప్పై రెండు, వసారా స్తంభాలు నాలుగు, పరీక్షాధికారి ఛాతీ ఒకటి. కొత్త రిజిస్టరు ఇంకా పరిశీలనలోనే ఉంది. పధ్నాలుగో పేజీ తీసి, కలప సామాను కింద, బేస్ గిటార్ల తర్వాత, మూడూ వరసగా రాశాను. ఛాతీ దగ్గర మాత్రం కలం ఒక్క నిమిషం ఆగింది. వేరే పేజీలో చోటుంటే బాగుండుననిపించింది.